నవ్విస్తూ భయపెట్టడం – 5వ పాఠం: దయ్యం చేత చరిత్ర చెప్పించకండి

పోయినసారి ఇచ్చిన అభ్యాసం నా మెడకే చుట్టుకుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి, జనం ఊరు వదిలి పరుగులు తీశారు. దాని మీద నవ్విస్తూ భయపెట్టే దయ్యాల టీవీ ధారావాహికకు మొదటి దృశ్యం రాయమన్నాను. వచ్చినవాటిలో సగానికి పైగా దయ్యాలు హార్బరు గోడ పక్కన నిలబడి ఉపన్యాసం ఇచ్చాయి. ఒక దయ్యమైతే రెండో ప్రపంచ యుద్ధానికి కారణాలన్నీ వరసగా చెప్పి, "అందుకే నేను చనిపోయాను" అంది. నాకు భయం వేయలేదు, పదో తరగతి సాంఘిక శాస్త్రం పరీక్ష గుర్తొచ్చింది. ఈ వారం చెప్పాల్సిన ఎపిసోడ్ల విభజన వాయిదా.

చచ్చినవాడికి చరిత్ర అక్కర్లేదు. ఆగిపోయిన తన పని కావాలి. బాంబులు పడిన రోజు ఆఫీసుకు తాళం వేసి పారిపోతూ దారిలో పోయిన గుమాస్తాను తీసుకోండి. ఇన్నేళ్లకు తిరిగివచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు.

"నా సెలవు మంజూరైందా?"

"అర్జీ ఏదీ?"

"పరుగెత్తుతుంటే ఎక్కడో పడిపోయింది."

"అయితే గైర్హాజరే."

ఇప్పటి గుమాస్తా తల ఎత్తకపోవడమే నవ్వు. తరువాత హాజరు పుస్తకం తెరిస్తే చచ్చినవాడి సంతకం నిన్నటి దాకా ప్రతిరోజూ ఉంది. రేపటి గడిలో మాత్రం ఇప్పటి గుమాస్తా సంతకం, అదే పాత సిరాతో. యుద్ధం అన్న మాట ఎక్కడైనా వచ్చిందా?

1994లో డెన్మార్క్ టీవీలో వచ్చిన దయ్యాల ఆసుపత్రి ధారావాహిక 'రిగెట్'లో ఒక స్వీడన్ డాక్టరు కోపెన్‌హేగన్ ఆసుపత్రి పైకప్పు ఎక్కి డెన్మార్క్ వాళ్లను తిడతాడు. ఇరుగుపొరుగు దేశాల పాత కడుపుమంట ఆ తిట్టులోనే తెలిసిపోతుంది.

మన దగ్గర సరుకు ఇంకా మంచిది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసిన అల్లూరి సీతారామరాజు, పట్టుకెళ్లిన ఆయుధాల లెక్కను స్టేషను పుస్తకంలోనే రాసి వెళ్లారు. మీరు కల్పించాల్సిన హాస్యం ఏముంది? రాజును తెర మీదకు తేకండి. ఆ లెక్క సరిపోక నేటికీ తుపాకులు తిరిగి అడిగే హెడ్డు కానిస్టేబులును తెండి.

నా పద్ధతి ఇది: దయ్యం అడిగే ప్రశ్న ముందుగా బస్సు టికెట్టు వెనుక రాస్తాను. పట్టకపోతే ఆ దయ్యం నాకు వద్దు. తెల్లచీర, గజ్జెల చప్పుడు, ఉన్నట్టుండి కరెంటు పోవడం కూడా నాకు పడవు.

అభ్యాసం: విశాఖ మ్యూజియంలో పేలని జపాను బాంబు ఉంది. దాని పక్కన రాత్రి కాపలా మనిషి, లెక్క చూడటానికి వచ్చిన ఆడిటరు. పత్రంలో 'పేలలేదు' అనే గడి లేదు. మూడు పేజీలు రాయండి. ఏడాది, దేశం పేరు, 'యుద్ధం' రాకూడదు. ఇద్దరిలో దయ్యం ఎవరో చివరి పేజీ దాకా నాకు తెలియకూడదు. చేత్తో నాలుగుసార్లు రాసి, నాలుగోది పంపండి. మొదటి మూడూ చించకండి, అడుగుతాను.