ఇంటి పన్ను రేటుపై చర్చకు వెళ్లే ముందు: డెల్టా పట్టణవాసులకు కొన్ని సూచనలు

అమలాపురం, మండపేట, నరసాపురం, తణుకు వంటి పట్టణాల్లో ఇంటి పన్ను ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండే గొంతులు వినిపిస్తుంటాయి. పన్ను పైసా పెంచినా ఊరుకోమనేది ఒకటి, పన్ను కట్టకుండా కాలువ పూడిక ఎవరు తీస్తారనేది మరొకటి. రెండింటిలోనూ న్యాయముంది, కానీ అంకెలు లేని న్యాయాన్ని కౌన్సిల్ సమావేశంలో పక్కన పెట్టడం చాలా తేలిక. అందువల్ల పన్ను రేటుపై మున్సిపాలిటీ ముసాయిదా ప్రకటన వెలువడిన నాటి నుంచి సమావేశం జరిగే నాటి వరకు ఒక సాధారణ పన్నుదారు ఏమేమి సిద్ధం చేసుకోవాలో, ఎవరిని ఏమి అడగాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట తెలుసుకోవలసింది, ఈ పన్నులో ఏ భాగం ఎవరి చేతిలో ఉందన్న విషయం. ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం పాటు ఇంటికి రాగల వార్షిక అద్దె విలువ ఆధారంగా పన్ను వేసేవారు. 2020లో పురపాలక చట్టాలను సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి మూలధన విలువను, అంటే భూమికి, కట్టడానికి కలిపి లెక్కించే విలువను ప్రాతిపదికగా తీసుకున్నారు. కరోనా ఏడాదిలో రాష్ట్రాలకు అదనపు అప్పు తీసుకునే వీలు కల్పిస్తూ కేంద్రం పెట్టిన షరతుల్లో, ఆస్తి పన్ను కనీస రేట్లను ప్రభుత్వ భూమి విలువలతో ముడిపెట్టడం ఒకటి. పదిహేనవ ఆర్థిక సంఘం సైతం పట్టణాలకిచ్చే గ్రాంట్లకు కనీస రేట్ల ప్రకటనను షరతుగా పెట్టింది. కాబట్టి ఈ పద్ధతి మొత్తాన్ని రద్దు చేయాలని మున్సిపల్ చైర్‌పర్సన్‌ను నిలదీయడం వృథా ప్రయాస, ఆ మాట వినవలసింది శాసనసభ.

కౌన్సిల్ చేతిలో ఉన్నది రేటు. నివాస గృహాలకు మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు ఉన్న పరిధిలో తమ పట్టణానికి తగిన రేటును నిర్ణయించుకునే వెసులుబాటు కౌన్సిల్‌కు ఉంటుంది. ఎన్నికైన కౌన్సిల్ లేని చోట ఆ అధికారం ప్రభుత్వం నియమించే స్పెషల్ ఆఫీసరుది. మన వీధిలో గజం భూమి విలువ ఎంతన్నది మాత్రం వీరెవరూ కాక రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయిస్తుంది. 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రంలో ఆ విలువలను సవరించారు. రేటు కదలకపోయినా విలువ పెరిగితే పన్ను పెరిగే వీలుంది గనుక, "మేము రేటు పెంచలేదు" అని కౌన్సిల్ సభ్యులు చెప్పే మాట నిజమే అయినా, దానితో చర్చ ముగిసిపోయినట్లు కాదు.

ఇక మీ ఇంటి లెక్కను మీరే వేసి చూసుకోండి. ఉదాహరణకు భూమి, కట్టడం కలిపి మూలధన విలువ 20 లక్షల రూపాయలుగా లెక్కించిన ఒక డాబా ఇంటికి పాత పన్ను 1,800 రూపాయలు అనుకుందాం. రేటు 0.12 శాతమైతే కొత్త పన్ను 2,400 రూపాయలు, 0.15 శాతమైతే 3,000 రూపాయలు. అయితే పెరుగుదల ఏడాదికి 15 శాతం దాటకూడదన్న పరిమితి ఉంది కాబట్టి, ఈ రెండు రేట్లలో ఏదైనా సరే ఆ ఇంటివారు మొదటి ఏడాది 2,070, రెండవ ఏడాది సుమారు 2,380 రూపాయలే కడతారు. మూడవ ఏడాది నుంచి దారులు వేరవుతాయి: తక్కువ రేటు ఉన్న ఇంటి పన్ను 2,400 దగ్గర ఆగిపోతుంది, ఎక్కువ రేటు ఉన్నది 2,738 మీదుగా నాలుగవ ఏడాదికి 3,000 చేరుతుంది. రేటుపై జరిగే వాదన ఈ ఏడాది రసీదులో కనబడకపోవచ్చునని, మూడేళ్ల తరువాతి రసీదులో కనబడుతుందని ఇరుగుపొరుగువారికి ఈ లెక్కతోనే చెప్పగలం. "ఈసారి పెద్దగా తేడా లేదు కదా" అన్న ఉదాసీనతకు ఇంతకంటే మంచి సమాధానం నాకు తోచలేదు. సొంతంగా నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయల నామమాత్రపు పన్నే ఉన్నందున, పేదల పేరుతో మాట్లాడేవారు ఆ ఇళ్లను ఉదాహరణగా తీసుకుంటే వాదన అక్కడే వీగిపోతుంది. ఆ పరిమితికి కాస్త పైన ఉన్న పాత పెంకుటిళ్లవారి సంగతి మాట్లాడటం మేలు.

పన్ను పైన రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా వస్తుంది. అది మున్సిపాలిటీ ఖర్చు పెట్టుకునే సొమ్ము కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావలసినది. కనుక నోటీసులోని మొత్తాన్ని కాక పన్ను భాగాన్ని మాత్రమే పోల్చి చూడాలి.

కొలతలు తప్పుగా పడ్డాయనో, నివాస గృహాన్ని దుకాణంగా రాశారనో ఫిర్యాదు ఉంటే, అది రేటు చర్చలో లేవనెత్తవలసిన విషయం కాదు. నోటీసులో ఇచ్చిన గడువులోగా కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ (పన్ను లెక్కను తిరిగి పరిశీలించమనే దరఖాస్తు) వేసుకోవాలి. ఈ రెండింటినీ కలిపి మాట్లాడినందువల్లనే చాలా సభలు ఒక్కొక్కరి ఇంటి గొడవలతో గడిచిపోతాయి.

తరువాతి మెట్టు డీసీబీ పట్టిక, అంటే డిమాండ్ (రావలసిన పన్ను) ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత అన్న లెక్క. మున్సిపాలిటీ రెవెన్యూ విభాగంలో ఇది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, వార్డు సచివాలయంలో అడిగితే మీ వార్డు లెక్క కూడా దొరకవచ్చు. అందులో ఈ ఏడాది డిమాండ్‌ను, పాత బకాయిలను విడివిడిగా చూడాలి. రేటును 0.12 నుంచి 0.15కు పెంచడమంటే డిమాండ్‌ను నాలుగో వంతు పెంచడమే. ఒక పట్టణంలో వసూలు 60 శాతం దగ్గర ఉంటే, దాన్ని 75 శాతానికి తీసుకువెళ్లినా చేతికొచ్చే సొమ్ము సరిగ్గా అంతే పెరుగుతుంది. పైగా ఆ భారం సకాలంలో కడుతున్నవారి మీద పడదు. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కట్టేవారికి 5 శాతం రాయితీ, ఆలస్యం చేసేవారికి నెలకు 2 శాతం వడ్డీ ఉన్నాయన్న సంగతి అందరికీ తెలుసు. వడ్డీ మాఫీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందిలే అని ఎదురుచూసేవారు పెద్ద ఆస్తులవారిలోనే ఎక్కువని నా అభిప్రాయం. పెద్ద బకాయిదారుల్లో ప్రభుత్వ కార్యాలయాలు ఎన్ని, మూతబడిన మిల్లులు ఎన్ని, కోర్టు వివాదాల్లో ఉన్నవి ఎన్ని అని విడదీసి అడగండి. కోర్టులో ఉన్న సొమ్మును వసూలు చేయలేదని అధికారులను తప్పుపట్టడం అన్యాయం, మిగిలిన రెండు రకాలకు మాత్రం సమాధానం రావలసిందే.

బడ్జెట్ పుస్తకం చేతికి వచ్చినప్పుడు చాలామంది చివరి పేజీలోని మొత్తాన్ని చూసి ఆశ్చర్యపోతారు. అందులో అధిక భాగం గ్రాంట్లు. ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద భాగాన్ని తాగునీరు, పారిశుధ్యం వంటి పనులకే ఖర్చు చేయాలన్న నిబంధన ఉన్నందున, ఆ భాగంతో మార్కెట్ భవనం ఎందుకు కట్టలేదని అడిగి లాభం లేదు. పట్టణం స్వేచ్ఛగా ఖర్చు పెట్టుకోగలిగినది ప్రధానంగా సొంత ఆదాయమే: ఆస్తి పన్ను, నీటి చార్జీలు, దుకాణాల అద్దెలు, ఆశీలు, భవన నిర్మాణ అనుమతుల రుసుములు. ఆ పేజీలను మాత్రం వేలు పెట్టి చదవాలి. ప్రతి పద్దుకు ఎదురుగా గత ఏడాది వాస్తవ ఖర్చు, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా ఉంటాయి. మనకు పనికొచ్చేది మొదటిదే. కాలువల పూడికకు అంచనా భారీగా ఉండి వాస్తవ ఖర్చు అందులో సగం కూడా లేకపోతే, అడగవలసిన ప్రశ్న అక్కడే ఉంది.

డెల్టాలో రెండు పద్దులను ప్రత్యేకంగా చూడాలని నా సలహా. నేల వాలు లేని ఊళ్లలో వర్షపు నీరు దానంతటది పోదు, వానలకు ముందే డ్రెయిన్ల పూడిక తీయకపోతే ఆగస్టులో నీళ్లు గుమ్మం దాకా వస్తాయి. అందువల్ల ఎంత ఖర్చు పెట్టారన్నదానితో పాటు ఏ నెలలో పెట్టారని కూడా అడగాలి. రెండవది మంచినీటి చెరువు. వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే నీటిని కాలువలకు కట్టేసిన వారాల్లో పట్టణం తాగేది ఆ చెరువులో నిల్వ చేసుకున్న నీరే. సముద్రం వైపున్న ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరు పడే చోట్లు ఎక్కువ కనుక మరో దారి కూడా ఉండదు. గట్టు మరమ్మతు, పూడిక, పంపింగుకు అయ్యే కరెంటు బిల్లు ఒకే పద్దు కింద ఉన్నాయా, వేర్వేరుగా ఉన్నాయా అని చూడండి.

అభ్యంతరాన్ని నోటితో చెప్పి ఊరుకోకూడదు, ప్రకటనలో పేర్కొన్న తేదీలోగా కాగితం మీద పెట్టాలి. ఒక పేజీ చాలు. దాని నడక ఇలా ఉండవచ్చు: "మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కరించి వ్రాయునది. నివాస గృహాల పన్ను రేటును ప్రస్తుత స్థాయి నుంచి పెంచాలన్న ప్రతిపాదనపై నా అభ్యంతరం ఇది. గత ఏడాది డిమాండ్‌లో వసూలు కాని మొత్తం, ఈ పెంపుదల వల్ల రాగల అదనపు ఆదాయం కన్నా ఎక్కువగా ఉన్నది. కావున ముందుగా పెద్ద బకాయిల వసూలుకు గడువు నిర్ణయించి, ఆ తరువాతనే రేటు విషయం పరిశీలించవలసిందిగా, ఒకవేళ పెంచక తప్పదనుకుంటే అదనపు ఆదాయాన్ని డ్రెయిన్ల పూడిక పద్దుకే కేటాయించినట్లు తీర్మానంలో వ్రాయవలసిందిగా కోరుచున్నాను." కింద అసెస్‌మెంట్ నంబరు, ఇంటి నంబరు, సంతకం. రెండు ప్రతులు తీసుకువెళ్లి ఒకదానిపై తేదీతో కూడిన ముద్ర వేయించుకోండి, మరో నకలు మీ వార్డు కౌన్సిలర్ గారికి ఇవ్వండి. పెంపును సమర్థించేవారూ ఇదే పద్ధతిలో రాయాలి. ఆమోదం తెలిపే కాగితాలు ఎవరూ పెట్టకపోవడం వల్లనే, పని చేయాలనుకునే కౌన్సిలర్లు సభలో ఒంటరివారవుతున్నారు.

మాట్లాడే అవకాశం వస్తే ఒక్క అంశమే ఎంచుకోండి. వీధిలోని పదిమంది ఒకే మాటను పదిసార్లు చెప్పేకంటే, ఒకరు బకాయిల గురించి, మరొకరు మంచినీటి చెరువు గురించి, ఇంకొకరు దుకాణాల రేటు గురించి ముందుగానే పంచుకుని మాట్లాడటం మేలు. కౌన్సిలర్ గారి పార్టీ ఊసెత్తిన మరుక్షణం మిగిలిన సభ్యులంతా అంకెలను వదిలేసి ఆ గొడవలోకి దిగుతారు.

సమావేశం ముగిసిన తరువాత తీర్మానం నకలు అడగండి. ఇవ్వకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసుకోవచ్చు, 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి. పన్ను ఏడాదికి రెండు అర్ధ సంవత్సరాలుగా ఉంటుంది కాబట్టి, సెప్టెంబరుతో మొదటి అర్ధ సంవత్సరం ముగిశాక అక్టోబరులో మరోసారి డీసీబీ పట్టికను, పూడిక పద్దులోని వాస్తవ ఖర్చును అడిగి తీసుకోండి. వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాలు తయారయ్యేది ఆ తరువాతి నెలల్లోనే కాబట్టి, వాటిలో చేర్చవలసిన మాట ఏదైనా ఉంటే అప్పుడే చెప్పాలి.