గుండె వైఫల్యం ఉన్నవారు యోగాభ్యాసానికి ముందు పాటించవలసిన జాగ్రత్తలు

యోగా మందులకు తోడుగా ఉండాలి గాని వాటికి బదులు కారాదు. ముందుగా మీ గుండె వైద్యుల అనుమతి తీసుకోండి. పేస్‌మేకర్ (గుండె లయను సరిచూసే పరికరం) ఇటీవలే అమర్చి ఉంటే చేతులు భుజాల పైకి ఎప్పటినుంచి ఎత్తవచ్చో కూడా అడగండి.

ప్రతి ఉదయం బరువు చూసుకోండి. 3 రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగినా, కాళ్ల వాపు హెచ్చినా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా సాధన మాని వైద్యులను సంప్రదించాలి.

2025 జూన్ 21న విశాఖ ఆర్‌కే బీచ్‌లో యోగా దినోత్సవం చూసి ఉత్సాహపడినవారు ఒక్క విషయం గమనించాలని నా మనవి: యోగా దినోత్సవాన చేయించే సామూహిక క్రమంలో కపాలభాతి (పొట్టను లోపలికి లాగుతూ వేగంగా శ్వాస వదలడం) కూడా ఉంటుంది, అది మీకు తగదు. శ్వాస బిగబట్టే కుంభకం, బలంగా, వేగంగా శ్వాసించే భస్త్రిక, తలకిందులుగా చేసే శీర్షాసనం, సర్వాంగాసనం కూడా వద్దు. కుర్చీలో కూర్చుని, మాట్లాడగలిగేంత తేలికగా, నెమ్మదైన శ్వాసతో చేసే కదలికలు చాలు. శవాసనానికి తల, వీపు కింద దిండ్లు పెట్టుకోండి.

విశాఖ ఉక్కపోతలో చెమట ఎక్కువ. నీరు తగ్గించే మాత్రలు వాడేవారికి లేవగానే కళ్లు తిరగవచ్చు కనుక తెల్లవారుజామునే, తోడు ఉండగా చేయండి.

ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పుతున్నట్లున్నా వెంటనే ఆపి 108కి ఫోన్ చేయండి.