రోమన్ పేర్లు విప్పి చదవడం – 5వ పాఠం: ప్రిస్కిల్ల

యూలియుస్ నుంచి యూలియ ఎలా వచ్చిందో పోయిన పాఠంలో చూశాం. మగపేరు చివరి -ఉస్ తీసి -అ చేరిస్తే ఆడపేరు అయింది. అలా తయారైన ఆడపేరుకు ఇంకో ప్రత్యయం తగిలితే ఏమవుతుందో ఈసారి చూద్దాం. తెలుగు బైబిలు చదివేవారికి ప్రిస్కిల్ల కొత్త పేరు కాదు కాబట్టి దానితోనే మొదలుపెడదాం.

కాగితం మీద పేరును మూడు ముక్కలుగా రాయండి: ప్రిస్క్ + ఇల్ల్ + అ. చివరి అ స్త్రీలింగానికి గుర్తు. ఇల్ల్ అంటే ‘చిన్న’. మిగిలింది ధాతువు: ప్రిస్కుస్ అనే విశేషణం, దాని స్త్రీలింగం ప్రిస్క.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పేర్ల పుస్తకాల్లో ‘ముసలిది’ అని అర్థం ఇచ్చేస్తారు. లాటిన్‌లో ముసలివాడు సెనెక్స్. పాత ద్రాక్షసారాకూ పాత స్నేహితుడికీ వాడేది వెతుస్. ప్రిస్కుస్ ఈ రెండూ కాదు. అది వెనకటి కాలానికి చెందిన దాన్ని చెబుతుంది, అందులో కాస్త గౌరవం కూడా ఉంది. రోమ్ ఎదగక ముందు చుట్టుపక్కల ఉన్న లాటిన్ జనాన్ని రోమన్లు ప్రిస్కి లతీని అన్నారు. మన మాటల్లో ‘పూర్వపు’ దీనికి దగ్గరగా వస్తుంది. ‘మొదటి’ అనే ప్రీముస్, ‘మునుపటి’ అనే ప్రియోర్ కూడా ఈ కుటుంబంలోవే. తెలుగు ‘ముందు’ స్థలానికీ కాలానికీ రెండింటికీ పనికొచ్చినట్టే ఈ లాటిన్ ధాతువూ పనికొస్తుంది.

మరి పసిపాపకు ‘పూర్వపుది’ అని పేరేమిటి? ఎవరూ అర్థం చూసి పెట్టలేదు. ప్రిస్కుస్ మొదట ఒకరిని ఇంకొకరి నుంచి వేరుచేసే బిరుదు. సంప్రదాయం ప్రకారం రోమ్ అయిదో రాజు తార్క్వినియుస్ ప్రిస్కుస్, ఏడో రాజు తార్క్వినియుస్ సుపెర్బుస్. ముందువాడు ఎవరో తెలియడానికే ఆ ‘ప్రిస్కుస్’. ఇలాంటి బిరుదులు కాలక్రమంలో వంశంలో స్థిరపడిపోయాయి. ఆ తరవాత ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ప్రిస్క అయింది. ఆమెను చిన్నదానిగానో ముద్దుగానో పిలిస్తే ప్రిస్కిల్ల. అంటే ఈ పేరును ‘చిన్న ముసలిది’ అని కాక ‘చిన్న ప్రిస్క’ అని చదవాలి. మన పల్లెల్లో పెదవెంకన్న, చినవెంకన్న ఉన్నట్టు. మనం ఆ గుర్తును పేరుకు ముందు పెడతాం, లాటిన్ వెనక పెడుతుంది, అంతే తేడా. క్లౌదియుస్ చక్రవర్తి అక్కను లివిల్ల అనేవారు, వాళ్ల నానమ్మ పేరు లివియ కాబట్టి.

లివిల్లలో ఒక చిక్కు గమనించండి. -ఇల్ల తీసేస్తే లివ్ మిగులుతుంది. దానికి అ చేర్చి ‘లివ’ అంటే తప్పు. లివియలోని ఇ ప్రత్యయంలో కలిసిపోయింది, దాన్ని వెనక్కి తేవాలి. దొమితిల్ల కూడా అంతే, మూలం దొమితియ. ప్రిస్కిల్లకు ఈ ఇబ్బంది లేదు, ప్రిస్కలో ఇ లేదు కాబట్టి. ఇంకో జాగ్రత్త: కమిల్లను ఇలా విడగొట్టకండి. యజ్ఞకార్యాల్లో సాయపడే బాలికను కమిల్ల అనేవారు, అది మొత్తం ఒకే మాట.

రాతల్లో ఈ పేరు రూపం మారుతుంది. సమాధి రాళ్ల మీద ‘ప్రిస్కిల్లై’ కనబడితే వేరే మనిషి అనుకోవద్దు. ‘ప్రిస్కిల్ల యొక్క’, ‘ప్రిస్కిల్లకు’ అనే రెండు అర్థాలకూ ఏకవచనంలో అదే రూపం. ‘ప్రిస్కిల్లను’ అనాలంటే ప్రిస్కిల్లమ్.

ఉచ్చారణలో ప్రాచీన రోమన్లది ఎప్పుడూ క, మొదటి స్వరం దీర్ఘం, ఊనిక రెండో అక్షరం మీద: ప్రీస్-కిల్-ల. చర్చి లాటిన్‌లో ప్రిషిల్ల, ఇంగ్లీషులో ప్రిసిల. గ్రీకు మూలంలో క ఉంది కాబట్టి తెలుగు బైబిలులో ప్రిస్కిల్ల వచ్చింది. ఏదీ తప్పు కాదు. అయితే పాపకు పెడుతుంటే బాప్తిస్మపు రిజిస్టరులో, జనన ధ్రువపత్రంలో, బడిలో ఒకే వర్ణక్రమం రాయించండి. ఒకచోట ప్రిస్కిల్ల, ఇంకోచోట ప్రిసిల్లా అయితే దిద్దించుకోవడం పెద్ద తిప్పట.

బైబిలులో చదివేటప్పుడు ఒక సంగతి. అపొస్తలుల కార్యములు 18లో ప్రిస్కిల్ల, 2 తిమోతి 4:19లో ప్రిస్క. ఇద్దరూ ఒకరే. ఒకటి ఇంటి పిలుపు, ఒకటి నిండుపేరు. క్లౌదియుస్ యూదులను రోమ్ విడిచిపొమ్మన్నప్పుడు కొరింథు చేరి, డేరాలు కుట్టి బతికిన దంపతుల్లో ఆమె ఒకరు. భర్త అకుల. లాటిన్‌లో అక్విల అంటే గద్ద. చివర అ ఉంది కదా అని ఆడపేరు అనుకోవద్దు, ఈ నియమానికి మినహాయింపుల్లో ఇదొకటి. మన ఆకుల ఇంటిపేరుకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

అభ్యాసం: ద్రుసిల్ల, పెత్రొనిల్ల, లుద్మిల. మూడింటినీ విడగొట్టి మూలం పేరు రాయండి. ఒకదానిలో ఇ వెనక్కి తేవాలి, ఒకటి అసలు లాటిన్ పేరే కాదు. జవాబులు 6వ పాఠం మొదట్లో, అగ్రిప్పీన పేరులోని -ఈన ప్రత్యయానికి ముందు.