హైడ్రాంజియా నాటే ముందు జాగ్రత్తలు

మా పర్లాకిమిడి ఎండ ఈ గుత్తిపూల మొక్కకు గడ్డుకాలమే. కోరాపుట్ కొండల చల్లదనంలో సులువు.

• కొనేముందు ఆకు చూడండి: వెడల్పుగా, రంపపు అంచుతో, కణుపుకు రెండు ఎదురెదురుగా ఉండాలి.

• పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్న చోటే నాటండి. సున్నం రాలే గోడ పక్కన వద్దు, నీలం పూలు గులాబీ రంగుకు తిరుగుతాయి.

• మధ్యాహ్నం ఆకులు వేలాడితే టెన్షన్ పడి నీళ్లు పోసేయకండి. ముందు మట్టిలో వేలు గుచ్చండి. తడి తగిలిందా, సాయంత్రానికి వాటంతటవే లేస్తాయి. నేను తొందరపడి పోసి, వేరు కుళ్లబెట్టి ఒక మొక్కను పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే.

• ఆట బంతిలా గుండ్రటి గుత్తుల రకానికి ఎక్కువగా నిరుటి కొమ్మల మీదే మొగ్గలొస్తాయి. చలికాలంలో కత్తెర పెట్టకండి.

• ఆకులు, మొగ్గలు విషం. మేకలకూ పసిపిల్లలకూ అందనివ్వకండి.