ట్యూషన్ చివరి నిమిషంలో క్యాన్సిల్ చేస్తే డబ్బులెంత ఇవ్వాలి?

ఇంటికొచ్చి పాఠం చెప్పే సారుకి గంట ముందు "ఈ రోజు వద్దండీ" అని మెసేజ్ పెడితే ఆ క్లాసుకి ఎంతో కొంత ఇవ్వడమే న్యాయం. ఆ గంట ఆయన మీ కోసమే ఖాళీ పెట్టుకున్నారు, అప్పటికప్పుడు ఇంకో పిల్లాడు దొరకడు. నెల్లూరులో వేదాయపాళెం నుంచి మాగుంట లేఅవుట్‌కి బండి మీద సగం దూరం వచ్చాక ఫోన్ చేస్తే పెట్రోలు కూడా ఆయన జేబులోంచే పోతుంది.

అందుకే నెల ఫీజా, క్లాసు లెక్కా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. నెల ఫీజైతే పోయిన క్లాసు ఇంకో రోజు చెప్పించుకుంటే సరిపోతుంది, పేచీ అంతా క్లాసు లెక్కలోనే. నన్నడిగితే, ముందు రోజు చెబితే ఏమీ ఇవ్వక్కర్లేదు, అదే రోజు చెబితే సగం, ఆయన బయల్దేరాక చెబితే మొత్తం. ఇదే వాట్సాప్‌లో రెండు ముక్కలు రాసి పెట్టుకోండి, నోటిమాట మూణ్ణెల్లకి ఎవరికీ గుర్తుండదు.

పిల్లాడికి ఉన్నట్టుండి జ్వరమొస్తే సగం ఇచ్చి ఇంకో రోజు అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. నవంబరు, డిసెంబరు నెలల్లో వాయుగుండం పట్టి నెల్లూరైనా ఒంగోలైనా రోడ్లన్నీ నీళ్లైనప్పుడు మాత్రం తప్పు ఎవరిదీ కాదు, డబ్బుల మాటే వద్దు, క్లాసు మార్చుకోండి. సారే రాకపోతే మీరు ఇవ్వాల్సిందేమీ లేదు, ముందే ఇచ్చుంటే తర్వాతి క్లాసుకి జమ చేయించుకోండి.

ఇవ్వాల్సింది మాత్రం ఆ సాయంత్రమే ఫోన్‌పే చేసేయండి, నెలాఖరుదాకా ఆపితే పాపం ఆయన మొహమాటానికి అడగలేరు. "మంగళవారం క్యాన్సిల్ క్లాసుకి" అని కింద రాస్తే లెక్క తెగిపోతుంది.