కాగితంతో ఆకారాలు – 3వ పాఠం: మూల మీద నిలబడ్డ చతురస్రం

గత పాఠంలో దీర్ఘచతురస్రం చేశాం. ఈసారి అందులోంచి చతురస్రాన్ని, చతురస్రంలోంచి త్రిభుజాలను తీద్దాం.

స్కేలు అక్కర్లేదు. ఏ4 కాగితం (21 × 29.7 సెం.మీ.) పై మూల పట్టుకొని, పొట్టి అంచు పొడుగు అంచు మీదికి వచ్చేలా ఏటవాలుగా మడవండి. మిగిలిన పట్టీని కత్తిరించేస్తే 21 సెం.మీ. చతురస్రం చేతికొస్తుంది. మడత మాత్రం పిల్లలే వేయాలి, బొటనవేలి గోటితో గట్టిగా రుద్దాలి. వంకర పోతే పోనివ్వండి. మొద్దు మొన కత్తెర నాలుగైదేళ్ల వారికి సరే, మూడేళ్ల వారు పట్టీని వెనక్కి మడిచి, ఆ మడత వెంట చింపితే చాలు.

దాన్ని బల్ల మీద తిన్నగా పెట్టి ‘ఇదేమిటి?’ అనండి, ఠక్కున చెప్పేస్తారు. అదే కాగితాన్ని మూల మీద నిలబెడితే చాలామంది ‘పతంగి’ అంటారు, చతురస్రమంటే ఒప్పుకోరు. వాళ్లనేం అనగలం? అంగన్‌వాడీ గోడ మీది చార్టుల్లో చతురస్రం తిన్నగానే కూర్చుంటుంది, త్రిభుజం మొన పైకే ఉంటుంది. అందుకని వెంటనే దిద్దకండి. ‘పతంగి’ మూలలను వేలితో తాకుతూ లెక్కపెట్టమనండి. తిప్పి, మళ్లీ లెక్కపెట్టించండి. తర్వాత మూలకు మూల మడిపించి, అంచులు కలిశాయో లేదో చూడమనండి.

ఇంట్లో పోచంపల్లి చీర ఉంటే పరచండి. మూల మీద నిలబడ్డ గడులు బోలెడు కనిపిస్తాయి. పక్కన నారాయణపేట గళ్ల చీర పరిస్తే అక్కడి గడులు కుదురుగా కూర్చుని ఉంటాయి. చేతిలోని కాగితం ముక్కను ఏ గడి వాలుకు ఎలా తిప్పాలో పిల్లలనే తేల్చుకోమనండి. పోచంపల్లి గడుల్లో నిలువుగా సాగినవీ ఉంటాయి, వాటి దగ్గర కాగితం ఎలా తిప్పినా కుదరదు. పెద్దపిల్లలు ఆ తేడా కూడా పట్టేస్తారు. నాకైతే ఏ చార్టు కన్నా ఈ రెండు చీరలే మేలు.

ఇక మూల మడత వెంట కత్తిరిస్తే రెండు త్రిభుజాలు. పొడుగు అంచులు కలిపితే మళ్లీ చతురస్రం, పొట్టి అంచులు కలిపితే పెద్ద త్రిభుజం. ఈ మాట మీరు చెప్పకండి, ముక్కలిచ్చి ఊరుకోండి. ఆడుకోవడం అయ్యాక చీర అంచులా వరుసగా అంటించమనండి, ఒకదాని మొన పైకి, పక్కదానిది కిందికి. మైదా పిండి ఉడికించిన జిగురు సరిపోతుంది, పలచగా రాయాలి.

వచ్చే పాఠం వృత్తం. పాత గాజులు, సీసా మూతలు, నెల దాటిన క్యాలెండరు కాగితాలు దాచి ఉంచండి.