బోరులోకి సబ్‌మెర్సిబుల్ పంపు దించే ముందు జాగ్రత్తలు

- మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి మీ దగ్గరే పెట్టుకోండి. మిగతా పనులన్నీ దీని తర్వాతే.

- మోటారు ఏ రకమో చూడండి. ఆయిల్ నింపినదైతే లీకు లేకుండా ఉంటే చాలు. నీళ్లు నింపే రకమైతే గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా శుభ్రమైన నీళ్లు పోసి, బిరడా గట్టిగా బిగించాలి. లోపలి బేరింగులు అరిగిపోకుండా కాపాడేది ఆ నీళ్లే. హడావిడిలో దీన్ని మాత్రం మరిచిపోకండి.

- కేబుల్ జాయింటుకు మామూలు టేపు పనికిరాదు, వాటర్‌ప్రూఫ్ టేపే చుట్టాలి. తర్వాత దాన్ని కాసేపు బకెట్ నీళ్లలో ముంచి, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కరెంటు లీకు లేదని చూసుకోండి.

- పంపును కేబుల్ పట్టుకుని దించకండి. బరువు పైపు, తాడు మీదే పడాలి.

- నడిచేటప్పుడు మోటారును చల్లబరిచేది దాని చుట్టూ పారే నీళ్లే. అందుకే ఎండాకాలంలో మట్టం తగ్గినా మునిగే ఉండేలా, అడుగునున్న బురదకు మాత్రం తగలకుండా లోతు చూసుకోండి. డ్రై రన్ (నీళ్లు లేకుండా మోటారు నడవడం) నుంచి రక్షణ ఉన్న స్టార్టర్ పెట్టిస్తే ఆ టెన్షన్ ఉండదు.

- త్రీఫేజ్ మోటారు వెనక్కి తిరిగితే నీళ్లు బాగా తక్కువగా వస్తాయి. కరెంటు ఆపి, ఏవైనా రెండు ఫేజు వైర్లను ఒకదాని చోట ఇంకోటి వచ్చేలా మార్చండి.

- ఎర్తింగ్ తప్పనిసరి.